ఏడో లెవెల్‌కి ఎక్కిళ్ళు

ఆగస్టు 18, 2007. శనివారం

గేమ్ వచ్చేసింది. మనోజ్ పొద్దున్నే ఫోన్ చేసి, అక్కా, డౌన్‌లోడ్ చేసుకో అన్నాడు. మనోజ్ మా పిన్ని కొడుకు. హైదరాబాదులో సెల్‌ఫోన్లకి గేములు చేసే ఒక చిన్న కంపెనీలో టెస్టర్. వాడు అడిగాడనే ఈ గేమ్‌కి ఎనిమిది ట్యూన్లు చేసిచ్చాను. ఈ కీబోర్డు మీదే, ఏలూరు పవర్‌పేటలో ఈ గదిలోనే, పక్కవాటా వాళ్ళ మిక్సీ ఆగాక.

గేమ్ పేరు తకిట. స్క్రీన్ మీద పైనుంచి చుక్కలు రాలుతుంటాయి. అవి కింది గీతకి తగిలే క్షణంలో, తాళానికి సరిగ్గా, 4 గానీ 5 గానీ 6 గానీ నొక్కాలి. పడితే గుడ్. తప్పితే మిస్. అంతే ఆట.

అన్నిటికన్నా చివర సన్నటి అక్షరాల్లో మ్యూజిక్: కె. కెజియా అని ఉంది. పద్నాలుగు సార్లు చూశాను. డైరీ కాబట్టి నిజం రాయాలి. పద్నాలుగు తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

ఆగస్టు 19, ఆదివారం

చర్చిలో ఆరాధన అవగానే కైకలూరు బస్సెక్కాను. అక్కణ్ణించి ఆటోలో మండవల్లి. నాన్న గట్టు మీదే ఉన్నాడు.

నాన్న పేరు మత్తయి. సుబ్బరాజు గారి చేపల చెరువుకి పదకొండేళ్ళుగా కాపలా. దొంగల మీద కాదు, పిట్టల మీద. నీటికాకులు గుంపుగా దిగాయంటే పిల్ల చేపని మిగల్చవు. అందుకని నాన్న ఖాళీ నూనె డబ్బా మెడకి తగిలించుకుని, సరుగుడు కర్రతో కొడుతూ గట్టు చుట్టూ తిరుగుతాడు. సమంగా కొడితే పిట్టలు రెండు రోజుల్లో అలవాటు పడిపోతాయట. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో వాటికి తెలియకూడదు. అందుకే నాన్న మూడు కొట్టి ఆగుతాడు, ఒకటి కొట్టి ఇంకాసేపు ఆగుతాడు, మర్చిపోయాడేమో అనుకునేలోపు నాలుగు కొడతాడు. ఆ కొత్తలో నాకు ఊరంతా అలాగే నడుస్తుందనిపించేది.

ఏడో లెవెల్ అదే. ఫిబ్రవరిలో ఒక ఉదయం గట్టు మీద కూర్చుని, నాన్న కొట్టింది కొట్టినట్టు బస్ టికెట్ల వెనక గీతలు పెట్టుకున్నాను. ఒక్క దెబ్బ మార్చలేదు.

ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక, ఇది తెల్లకొంగలు ఒక్కసారే దిగిన రోజుది కదమ్మా అన్నాడు. రోజు గుర్తుపట్టాడు! తర్వాత నా ఫోన్ పట్టుకుని అటు రెండు చెరువులు, ఇటు మూడు చెరువుల కాపలా వాళ్ళకి వినిపించి వచ్చాడు. అమ్మ పులుసు దించి గంటసేపు చూసింది. మీ నాన్న ఆ ఫోన్లోకే వెళ్ళిపోయాడా, లేక అన్నానికి వస్తాడా అని అడిగింది.

ఆగస్టు 29, బుధవారం

సుబ్బలక్ష్మి గారింట్లో క్లాసు. వాళ్ళమ్మాయి ఇంటర్ చదువుతోంది, తకిట ఆడుతోంది. మేడం, ఏడో లెవెల్లో బగ్ ఉందండీ, కాలేజీలో అందరూ అంటున్నారండీ అంది. బగ్ కాదు, అది తాళం అన్నాను. అలాంటి తాళం ఉండదు మేడం అంది. నేను నేర్పిన పిల్ల. సరళీస్వరాలు కూడా పూర్తి కాలేదు.

సుబ్బలక్ష్మి గారు కాఫీ ఇస్తూ, మీ నాన్నగారు ఫిషరీస్‌లో కదండీ, ట్రాన్స్‌ఫర్లు ఉంటాయా అండీ అని అడిగారు. ఉండవండీ అన్నాను. అబద్ధం కాదు. గట్టుకి ట్రాన్స్‌ఫర్ ఉండదు.

సెప్టెంబరు 4, మంగళవారం

కోపం చల్లారకముందే రాసేస్తాను.

ఆర్.ఆర్.పేటలో నెట్ సెంటర్‌కి వెళ్ళాను. తకిట వెబ్‌సైట్ ఒకటి పెట్టారని మనోజ్ చెప్పాడు, చూద్దామని. అందులో ఒక పేజీ ఉంది. 'తకిట సంగీతం గురించి మీకు తెలియని పదిహేను సంగతులు'. నిజమే, నాకు ఒక్కటీ తెలియదు. ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు కోపం తెలుగులో వస్తుంది కాబట్టి తెలుగులో ఎక్కిస్తున్నాను.

ఒకటో లెవెల్ తాళం కుక్కర్ విజిల్స్ నుంచి తీసిందట. కందిపప్పుకి నాలుగు, శనగలకి ఏడు.

మూడో లెవెల్ ఎడమచేతివాటం వాళ్ళు తప్ప ఇంకెవరూ పూర్తి చెయ్యలేరట. నేను కుడిచేత్తో, కళ్ళు మూసుకుని, ఉప్మా కలుపుతూ పూర్తి చేస్తాను.

నాలుగో లెవెల్‌ని వెనక నుంచి ముందుకి వింటే, భీమడోలులో పాసింజరు ఆలస్యంగా నడుస్తోందని అనౌన్స్‌మెంట్ వినిపిస్తుందట. భీమడోలు కథ ముందు నుంచి విన్నా అంతే కదా! దీనికి నా ట్యూన్ ఎందుకు?

ఆరో లెవెల్ పెట్టి వదిలేస్తే దోసెల పిండి గంట ముందే పులుస్తుందట. ఇది చదివి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా మండింది.

పదకొండోది. సంగీత దర్శకులు కె. కెజియా గారు అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ రైల్వే గార్డు. ముప్పై ఏళ్ళు పచ్చజెండా ఊపీ ఊపీ వారికి తాళం పట్టుబడింది. గారు. వారు. నాకు ఇరవై ఆరేళ్ళు. నేను ఆడదాన్ని. నా దగ్గర జెండా లేదు.

ఇంక తొమ్మిదోది. ఏడో లెవెల్ తాళం అలా తడబడటానికి కారణం, రికార్డింగు రోజున సంగీత దర్శకుడికి ఎక్కిళ్ళు వచ్చాయట. కంపెనీ వారికి ముచ్చటేసి అలాగే ఉంచేశారట.

ఎక్కిళ్ళు!

పదకొండేళ్ళు వానలో ఎండలో ఆ గట్టు మీద తిరిగి తిరిగి నాన్న పట్టుకున్న లెక్క అది. ఎక్కిళ్ళట.

సెప్టెంబరు 4, సాయంత్రం ఆరు

దోసెల పిండి పొంగి గిన్నెలోంచి కారింది. ఆరో లెవెల్ పెట్టలేదు. ఎండ వల్ల. రాసిపెడుతున్నాను, ఎవరూ అడక్కపోయినా.

సెప్టెంబరు 6, గురువారం

మనోజ్‌కి ఫోన్ చేసి పావుగంట తిట్టాను. అంతా విన్నాడు. అక్కా, అది ఫన్ అన్నాడు. ఊరికే సరదాకి అల్లినవి, ఎవరూ నమ్మరు, ఆటకన్నా ఆ పేజీనే ఎక్కువమంది చూస్తున్నారు అన్నాడు. ఎవరు రాశారని అడిగాను. కంటెంట్ బయట ఎవరికో ఇస్తారు, నాకు తెలియదు అన్నాడు. నాన్న సంగతేంట్రా అన్నాను. వాడూ చిన్నప్పుడు వేసవి సెలవులకి ఆ గట్టు మీద తిరిగినవాడే.

అప్పుడు వాడే చెప్పాడు. ఇరవై రెండున గూడెం టౌన్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో తకిట పోటీ ఉందట, కంపెనీ స్పాన్సర్. ఎవరైనా పాల్గొనొచ్చట. ఆట ఒక రౌండు, క్విజ్ ఒక రౌండు. నువ్వే స్టేజీ ఎక్కి చెప్పెయ్యక్కా, పెదనాన్నని కూడా తీసుకెళ్ళు అన్నాడు.

అదీ మాట.

సెప్టెంబరు 7, శుక్రవారం

నాన్న వస్తానన్నాడు. క్రిస్మస్ చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడట అప్పుడే.

సెప్టెంబరు 22, శనివారం

ఇప్పుడే ఏలూరు వచ్చాను. నాన్నని కైకలూరు బస్సెక్కించాను. చెప్పులు కూడా విప్పలేదు, రాస్తున్నాను.

ఆట రౌండులో నేనే ఫస్ట్. ఏడో లెవెల్లో ఒక్క మిస్ లేదు. హాలంతా చప్పట్లు. నాన్న మూడో వరసలో కూర్చుని పక్కవాళ్ళకి ఏదో చెబుతున్నాడు, వాళ్ళు తలలూపుతున్నారు.

క్విజ్‌లో నేనూ, మెకానికల్ కుర్రాడు ఒకడూ మిగిలాం. క్విజ్ నడిపింది అక్కడి లెక్చరర్ ఒకాయన. చాలా మర్యాదస్థుడు. ఆఖరి ప్రశ్న: ఏడో లెవెల్ తాళం ఎక్కణ్ణించి వచ్చింది?

దేవుడు నా కోసమే ఆ ప్రశ్న పెట్టాడనుకున్నాను. ముందు నేనే గంట నొక్కాను. మండవల్లిలో చేపల చెరువు మీద మా నాన్న పిట్టల్ని తోలడానికి కొట్టే డబ్బా నుంచి అన్నాను.

లెక్చరర్ గారు కాగితం చూసుకున్నారు. మళ్ళీ చూసుకున్నారు. తప్పండీ అన్నారు.

మెకానికల్ కుర్రాడు ఎక్కిళ్ళు సార్ అన్నాడు. కరెక్ట్ అన్నారు.

నేను మైకు పట్టుకుని, ఏవండీ, ఆ మ్యూజిక్ చేసింది నేనేనండీ, కెజియా అంటే నేనేనండీ అన్నాను. ఆయన చాలా గౌరవంగా, కెజియా గారు రిటైర్డ్ గార్డు కదండీ, మీరు వారి అమ్మాయా అండీ, వారు రాలేకపోయారా అండీ అని అడిగారు. అరిచినవాడి మీద తిరిగి అరవొచ్చు. అండీ అండీ అంటూ మనల్నే అబద్ధం చేసేవాణ్ణి ఏం చెయ్యాలి?

అప్పుడు నాన్న లేచి నిలబడ్డాడు. క్రిస్మస్ చొక్కా. నేనేనండీ బాబూ ఆ డబ్బా కొట్టింది అన్నాడు.

వెనక నుంచి ఎవడో ఎక్కిళ్ళు పెట్టాడు. గట్టిగా, కావాలని. ఇంకొకడు పెట్టాడు. తర్వాత హాలంతా. లెక్చరర్ గారు సైలెన్స్ సైలెన్స్ అంటూనే ఉన్నారు, ఆయన మూతి కూడా నవ్వు ఆపుకుంటోంది. నాన్న కాసేపు అలాగే నిలబడి చుట్టూ చూసి కూర్చున్నాడు.

తిరుగు రైలు పుల్ల స్టేషన్ దాటింది. అప్పుడు నాన్న అడిగాడు. నేను కొట్టేది నిజంగా అలాగే వినపడుతుందామ్మా, ఎక్కిళ్ళలాగా?

లేదు నాన్నా అన్నాను. చాలా గట్టిగా అన్నానేమో, ఎదురు సీటులో నిద్రపోతున్నావిడ ఉలిక్కిపడి లేచింది.

సెప్టెంబరు 23, ఆదివారం

చర్చిలో కీబోర్డు వాయించాను. పాస్టరు గారు తర్వాత పిలిచి, ఈ వారం పాటలన్నీ యుద్ధానికి వెళ్తున్నట్టున్నాయమ్మా అన్నారు.

అక్టోబరు 3, బుధవారం

అమ్మ మండవల్లి సెంటర్లో కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేసింది. రూపాయి మీద రూపాయి వేస్తూ చెప్పింది.

పక్క చెరువు వాళ్ళబ్బాయి ఆ కాలేజీలోనే చదువుతున్నాడట. వచ్చి చెప్పాడట. ఇప్పుడు నాన్న గట్టెక్కితే చుట్టుపక్కల కాపలావాళ్ళు ఎక్కిళ్ళు పెడుతున్నారట. ఎక్కిళ్ళ మత్తయి అని పేరు పెట్టారట. ఆగస్టులో నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని భలే భలే అన్నవాళ్ళే!

అది కూడా కాదు అసలు సంగతి. నాన్న సమంగా కొట్టడం మొదలుపెట్టాడట. ఒకటి, ఒకటి, ఒకటి. గడియారంలా. అందరూ కొట్టినట్టే కొడతాను, నాకెందుకీ గొడవ అన్నాడట. వారం తిరిగేసరికి నీటికాకులు డబ్బా పక్కనే రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయట. పోయినేడు సరస్సు లోపలున్న చేపల చెరువుల గట్లని గవర్నమెంటు వాళ్ళు తవ్వేశాక పిట్టలన్నీ ఇటే పడుతున్నాయి అసలే. సుబ్బరాజు గారు వచ్చి చూసి, మత్తయికి వయసైపోయింది, పెద్ద చప్పుడు చేసే కార్బైడ్ తుపాకీ తెప్పిస్తాను, దానంతటదే పేలుతుంది, మనిషితో పనిలేదు అన్నాడట.

నాన్నకి ఫోన్ ఇవ్వమన్నాను. రానన్నాడు అంది అమ్మ. రూపాయలైపోయాయి.

ఎవరో ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని కాలక్షేపానికి రాసిన ఒక్క ముక్క. దానికి నాన్న పని పోతోంది. వాడెవడో నాకు కావాలి.

అక్టోబరు 9, మంగళవారం

మనోజ్ కనుక్కున్నాడు. ఏసీ గది కాదు. గూడెం పక్కన పెంటపాడు. వాడు కాదు, ఆమె. సుప్రియ.

పెంటపాడు! హైదరాబాదూ బొంబాయీ అనుకుని ఇన్నాళ్ళు అటుకేసి తిట్టాను. తిట్లన్నీ హైదరాబాదు దాటి ఎక్కడికో పోయాయి.

అక్టోబరు 10, బుధవారం

వెళ్ళాను. చెప్పవలసినవన్నీ బస్సులో వరసగా అనుకుంటూ వెళ్ళాను.

తండ్రి భీమశంకరం గారు అక్కడ శివాలయంలో అర్చకులు. అరుగు మీద కూర్చుని పంచాంగం చూస్తున్నారు. ఎవరమ్మా అన్నారు. మీ అమ్మాయి నన్ను రైల్వే గార్డుని చేసిందండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందకి చూసి, లోపలికి మజ్జిగ తెమ్మని కేకేశారు.

సుప్రియ వచ్చింది. ఇరవై రెండు ఉంటాయేమో. ఎమ్మే ఇంగ్లీషు, ప్రైవేటుగా కట్టి. ఉద్యోగం లేదు. రోజూ గూడెం నెట్ సెంటర్‌కి వెళ్ళి హైదరాబాదు కంపెనీలకి రాసిపెడుతుందట. నేను ఎవరో చెప్పగానే ముఖం వెలిగిపోయింది. మీరేనాండీ కెజియా, ఎంత బాగుంటాయండీ మీ ట్యూన్లు, అన్నీ వింటూనే రాశానండీ అంది. తిట్టడానికి వెళ్ళినప్పుడు ఎదుటివాళ్ళు ఇలా చెయ్యకూడదు.

అయినా తిట్టాను. గార్డు గురించి తిట్టాను. ఎక్కిళ్ళ గురించి తిట్టాను. హాల్లో నాన్న లేచి నిలబడింది కూడా చెప్పాను. ఆ పిల్ల తల దించుకుని వింది. తర్వాత లోపలికెళ్ళి ఒక కాగితం ప్రింటు తెచ్చి నా ముందు పెట్టింది.

కంపెనీ నాకు పంపిన ఫారం. జూన్‌లో నేను నింపింది. ట్యూన్ వెనక కథ అని ఒక గడి, ఎనిమిది ట్యూన్లకి ఎనిమిది గడులు. మీ గురించి నాలుగు మాటలు అని ఇంకో గడి. తొమ్మిది గడుల్లోనూ నా చేత్తో టైప్ చేసిన ఒకే మాట. నిల్.

సుప్రియ మెల్లగా అంది. ఇదిచ్చి సాయంత్రంలోగా పదిహేను సంగతులు కావాలన్నారండీ. కెజియా అనే పేరు నేను ఎప్పుడూ వినలేదండీ, మగో ఆడో తెలియలేదు. ఎవరినడగాలో తెలియలేదు. మీరు ఒక్క గడిలో ఒక్క ముక్క రాసినా ఇన్ని అల్లేదాన్ని కాదండీ. నా పేరూ లేదు కదండీ అందులో ఎక్కడా.

కెజియా బైబిల్లో యోబు కూతురి పేరు అని చెప్పాను. మజ్జిగ తాగి వచ్చేశాను.

అక్టోబరు 11, గురువారం

నిల్ అని ఎందుకు రాశానో నాకు తెలుసు. ఫారం నింపింది సుబ్బలక్ష్మి గారింట్లో కంప్యూటర్ మీద. ఆవిడ పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు.

అక్టోబరు 12, శుక్రవారం

నిన్నంతా నా మీద నాకే కోపం. ఈ రోజు మళ్ళీ సుప్రియ మీద. తెలియకపోతే తెలియదని వదిలెయ్యొచ్చు కదా! పదిహేను కావాలంటే పద్నాలుగు ఇవ్వొచ్చు. ఫోన్ చేసి అదే అన్నాను. నిజమేనండీ, తప్పేనండీ అంది. ఆదివారం మీ నాన్నగారిని చూడ్డానికి రావొచ్చాండీ అని అడిగింది.

కాదనడానికి కారణం వెతికాను. దొరకలేదు.

అక్టోబరు 14, ఆదివారం

ముసురు. ఇద్దరం బస్సు దిగి బురదలో నడిచి చెరువు దగ్గరికి వెళ్ళాం. సుప్రియ చెప్పులు చేత్తో పట్టుకుంది.

నాన్న పాకలో తవుడు బస్తాల మీద కూర్చున్నాడు. డబ్బా బయట వాసానికి వేలాడుతోంది. ఈ అమ్మాయే ఆ ఎక్కిళ్ళు రాసింది అని చెప్పాను. నాన్న లేచి బస్తా మీద తువ్వాలు పరిచి కూర్చోమ్మా అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందో. నన్నొక్కసారి కూర్చోమనలేదు, తువ్వాలూ పరచలేదు.

సుప్రియ క్షమించమని అడిగింది. నువ్వు నన్ను ఎరగవు కదమ్మా, నీ తప్పేముంది అన్నాడు. అప్పుడు నేను చెప్పక తప్పలేదు. నాన్నా, నన్ను ముందే అడిగారు. కథ రాయమని కాగితం పంపారు. నేను రాయలేదు.

నాన్న చెరువుకేసి చూశాడు. ఏం రాస్తావులే, డబ్బా కొట్టేవాడని ఎలా రాస్తావు అన్నాడు. నిష్ఠూరంగా కాదు. నిజంగానే నా ఇబ్బంది అర్థమైనట్టు అన్నాడు. తిట్టినా బాగుండేది. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నించి, పదకొండేళ్ళు ఆ డబ్బా తిండే తిన్నావు, రాయడానికి చెయ్యి రాలేదా అంది. అమ్మ అన్నాక కొంచెం ఊపిరాడింది.

సుప్రియ నోట్‌బుక్ తీసి అడగడం మొదలుపెట్టింది. ఏ పిట్టకి ఎలా కొడతారండీ? కర్ర సరుగుడుదే ఎందుకండీ? వానలో శబ్దం మారదాండీ? నాన్నని ఇవన్నీ ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. గీతలు పెట్టుకున్నానే తప్ప ఎందుకని అడగలేదు. నాన్న మొదట ఒక్కో మాటే అన్నాడు. తర్వాత ఆగలేదు. కొంగకి చెవి కంటే కన్ను ముందట, కర్ర ఎత్తితేనే లేస్తుందట. నీటికాకి మునిగి ఉండగా కొట్టడం దండగట, తల బయటపెట్టిన క్షణంలో పడాలట. వెదురు కర్ర శబ్దం నీళ్ళ మీద సాగదట. గంట చెప్పాడు. సుప్రియ పెన్ను ఆగలేదు.

మాటల్లో ఉండగానే తూర్పు వైపు నుంచి నీటికాకుల గుంపు దిగింది. వంద పైనే. నాన్న కూర్చునే చూశాడు. అవతలి గట్టు మీద ఎవడో నాన్నని చూసి ఎక్కిళ్ళు పెట్టాడు. ఒక నీటికాకి మునిగి ఇంత చేపతో తేలింది.

నాన్న లేచాడు. వాసం మీద నుంచి డబ్బా లాగాడు. వానలో గట్టెక్కి కొట్టాడు. మూడు. ఆగాడు. ఒకటి. ఎంతసేపో ఆగాడు. నాలుగు.

నల్లగా లేచింది గుంపంతా. అవతల గట్టు వాడి నోరు మూతపడింది.

సుప్రియ నా చెయ్యి పట్టుకుని, నా తొమ్మిదో నంబరు ఎంత చచ్చుదండీ అంది. అవును, చచ్చుదే అన్నాను. ఇద్దరం తడిసిపోయాం.

అక్టోబరు 24, బుధవారం

పేజీ మార్చారు. పదమూడు పాతవే. అవి జనానికి ఇష్టమట, తీయరట. గార్డుని తీసేశారు. నేను 'ఏలూరులో కీబోర్డు నేర్పే కుమారి కెజియా'. తొమ్మిదోది పూర్తిగా కొత్తది. మండవల్లి, మత్తయి, డబ్బా, సరుగుడు కర్ర, అన్నీ ఉన్నాయి. సుప్రియ బాగా రాసింది. చాలా బాగా రాసింది. నెట్ సెంటర్లో కూర్చుని ముక్కు తుడుచుకున్నాను.

తర్వాత కింద కామెంట్లు చదివాను.

పదిహేనిట్లో ఇదే బెస్ట్ కోత అని ఒకడు. ఇంత అబద్ధం ఎలా పుడుతుందిరా బాబూ అని ఒకడు. పిట్టల కోసం తాళం వేసేవాడు ఎక్కడైనా ఉంటాడా, ఎక్కిళ్ళే కాస్త నమ్మేలా ఉంది అని ఇంకొకడు. దోసెల పిండిని నమ్మినవాడు! ఇంట్లో చేసి చూశాను, నిజంగానే పులిసింది అని పోయిన నెల రాసినవాడు!

సుప్రియకి ఫోన్ చేస్తే, ఆమె కూడా నాలాగే అరుస్తోంది. జీవితంలో మొదటిసారి నిజం రాశానండీ, కోత అంటారేంటండీ అని. వాళ్ళ నాన్నగారు వెనక నుంచి మెల్లగా అమ్మాయ్ మెల్లగా అనడం వినిపించింది. ఇద్దరం కలిసి అరిచాక కాస్త బాగుంది.

నవంబరు 2, శుక్రవారం

కార్బైడ్ తుపాకీ వచ్చింది, వారం పేలింది, వెళ్ళిపోయింది. ఆ శబ్దానికి చేపలు మేతకి పైకి రావడం మానేశాయట. నాన్నకి పని ఉంది.

సుబ్బరాజు గారు ఆ పేజీ ప్రింటు తీయించి చెరువు దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ మా మత్తయి, మా మత్తయి అని చూపిస్తున్నాడట. మా మత్తయి అట! నెల క్రితం వయసైపోయిందన్న మనిషి.

ఈ సాయంత్రం సుబ్బలక్ష్మి గారితో చెప్పాను. మా నాన్న ఫిషరీస్ ఆఫీసులో కాదండీ, చేపల చెరువు మీద పిట్టల్ని తోలతాడండీ అని. ఆవిడ కాఫీ కలుపుతూ, అయ్యో, ఎండలో కష్టం కదండీ అన్నారు. అంతే. కాఫీలో పంచదార కూడా మామూలుగానే ఉంది. ఇన్నేళ్ళు దాచినందుకు ఇంకాస్త ఏదో జరగాలి కదా. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

నవంబరు 17, శనివారం. ఉదయం 6.40, మండవల్లి

నాన్నకి జ్వరం. పాకలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. గట్టు మీద నేను, మెడలో డబ్బా. ఏడో లెవెల్ దెబ్బ దెబ్బా నాకు కంఠతా. అంతా కొట్టాను. ఒక్క పిట్ట లేవలేదు. మళ్ళీ కొట్టాను. ఒక నీటికాకి నా వైపు చూసి మునిగింది. ఇరవై ఏళ్ళ నుంచి తాళం వచ్చనుకుంటున్నాను.

పాకలోంచి నాన్న గొంతు. ఊరికే ఉండమ్మా, కర్ర ఎత్తి ఊరికే ఉండు.

కర్ర ఎత్తి నిలబడ్డాను. చెయ్యి లాగుతోంది. ఎప్పుడు కొడతానో తెలియక చెరువంతా పిట్టలు తలలు పైకెత్తాయి.